తుప్పు పట్టిన ఫోర్సెప్స్: ఒక కోస్తా ఆస్పత్రి థియేటర్ పరికరాల కొనుగోలు, సంరక్షణపై కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు నా దగ్గరకు కొనుగోలు సమస్యగా వచ్చింది. కోస్తా ఆంధ్రలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పట్టణంలో, కాన్పులూ సాధారణ శస్త్రచికిత్సలూ ప్రధానంగా జరిగే ఒక మధ్యస్థాయి ఆస్పత్రి యాజమాన్యం, తమ థియేటర్ పరికరాలు ఏడాది తిరక్కుండానే తుప్పు పడుతున్నాయనీ, మంచి సరఫరాదారు ఎవరో చెప్పి కొత్త కొనుగోలుకు నిబంధనలు రాసిపెట్టాలనీ నన్ను అడిగింది. నేను బయోమెడికల్ ఇంజనీరుగా ఆస్పత్రుల్లో పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్‌లు, థియేటర్ పరికరాల నిర్వహణ చూస్తాను. ఆస్పత్రినీ అందులోని మనుషులనూ గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు తీసేశాను. పరికరాలకు, నీటికి, పనిపద్ధతికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

అక్కడ రెండు ఆపరేషన్ టేబుళ్లు ఉన్నాయి. మామూలు రోజున మూడు నాలుగు కేసులు ఉంటాయి, మంచి ముహూర్తం పడిన రోజున సిజేరియన్లే ఐదారు ఉంటాయి. సిజేరియన్ సెట్లు మాత్రం మూడే. ఈ మూడు అన్న అంకెకు మొదటి రోజున నేను పెద్ద విలువ ఇవ్వలేదు. తర్వాత దానికే తిరిగి రావలసి వచ్చింది.

సమస్య

సర్జన్ గారు నా ముందు ఒక ట్రే పెట్టించారు. రక్తనాళాలను పట్టి బిగించే ఆర్టరీ ఫోర్సెప్స్ రెండు కాళ్లు కలిసే బాక్స్ లాక్ దగ్గర గోధుమ రంగు గీత ఉంది. తెరిచి మూస్తుంటే ఇసుక పడినట్టు గరగరమంటోంది. మేయో కత్తెర గాజుగుడ్డను కొసదాకా కోయకుండా మధ్యలో నమిలి వదిలేస్తోంది. నీడిల్ హోల్డర్‌లో బిగించిన సూది వేలితో నెడితే తిరిగిపోతోంది. అన్నిటికన్నా ఆయనను కలవరపెట్టింది అంతకు కొద్ది వారాల ముందు జరిగిన సంఘటన: రక్తనాళాన్ని పట్టి బిగించిన ఫోర్సెప్స్ లాక్ దానంతటదే విడిపోయింది. వెంటనే మరొకదానితో పట్టుకోగలిగారు కాబట్టి తల్లికి ఏమీ కాలేదు. "సర్, ఇది స్టీలు కాదండి, రేకు. మాకు నాసిరకం అంటగట్టారు" అన్నారాయన. ఆ మాటలోని కోపం న్యాయమైనదే, కానీ అప్పటికి ఆ మాటకు రుజువు లేదు.

నేను వెళ్లేలోపు చేసినవి

అంతకు ముందే ఆస్పత్రి వాళ్లు రెండు ప్రయత్నాలు చేశారు. మొదటిది సరఫరాదారును మార్చడం. పాత ధరకు దాదాపు మూడింతలు పెట్టి, కాడ మీద విదేశీ స్టీలు అని ముద్ర ఉన్న కొత్త సెట్లు కొన్నారు. నాలుగు నెలల్లో వాటి మీద కూడా చుక్కలు వచ్చాయి. పైగా స్టోర్ కీపర్ గారు వచ్చిన సరుకును అయస్కాంతంతో పరీక్షించి, అంటుకున్నవాటిని నకిలీవని విడిగా పెట్టారు. ఈ నమ్మకం చాలా ఆస్పత్రుల్లో కనిపిస్తుంది కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి.

కత్తెరలు, ఆర్టరీ ఫోర్సెప్స్, నీడిల్ హోల్డర్ల వంటివాటికి పదును, బిగువు నిలవాలి కాబట్టి వాటిని వేడిచేసి గట్టిపరచడానికి వీలున్న స్టీలుతో చేస్తారు. 420 గ్రేడు ఇందుకు మంచి ఉదాహరణ. అందులో క్రోమియం 12 నుంచి 14 శాతం దాకా ఉంటుంది, అది అయస్కాంతానికి అంటుకుంటుంది, అంటుకోవాలి కూడా. వంటింటి గిన్నెల్లో, కోత అంచులను పక్కకు లాగి పట్టే కొన్ని రిట్రాక్టర్లలో వాడే 304 గ్రేడులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. దానికి తుప్పును తట్టుకునే శక్తి ఎక్కువ, కానీ పదును నిలవదు, అయస్కాంతం దాన్ని పెద్దగా లాగదు. కాబట్టి అయస్కాంతానికి అంటుకోని కత్తెర వస్తే అనుమానించాలి గానీ, అంటుకున్నదాన్ని వెనక్కి పంపకూడదు. ఈ స్టీళ్లన్నిటినీ కాపాడేది పైన ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర ఒక్కటే. కంటికి కనిపించనంత పలుచని ఆ పొరను క్లోరైడు తొలుస్తుంది. ఒకచోట తొలిచాక ఆ గుంట లోపలికే పోతుంది. పైపైన తుడిస్తే పోయేది కాదు.

రెండో ప్రయత్నం మరకలు తీయడం. వంటపాత్రలు తోమే స్టీలు పీచుతో రుద్ది, బాత్‌రూమ్ టైల్స్ కడిగే ఆమ్లంతో కడిగారు. ఆ రోజుకు మెరిశాయి. పీచు గీతలు పడ్డచోట, పీచు రజను ఇరుక్కున్నచోట రెండు మూడు వారాల్లో ముందుకన్నా ఎక్కువ తుప్పు వచ్చింది. మొద్దుబారిన కత్తెరలను ఊళ్లో సాన పట్టే చోటికి పంపారు. తిరిగే సానరాయి వేడికి అంచు నీలంగా మారింది. అంటే ఆ అంచుకు గట్టిదనం పోయింది. అలాంటి కత్తెరను మళ్లీ ఎవరు పదునుపెట్టినా నిలవదు. వాటిని అక్కడికక్కడే పక్కన పెట్టించాను.

నా మొదటి అంచనా

కొత్తవి కొనే ముందు, ఉన్నవాటిని చదవాలి అన్నది నా పద్ధతి. మధ్యాహ్నం కేసులు అయ్యాక ఒక పొడవాటి బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, మూడు సెట్లనూ విడి పరికరాలనూ వరుసగా పెట్టి, థియేటర్ సిస్టర్‌తో కలిసి ఒక్కొక్కటిగా చూశాం. మరక మీద పెన్సిల్ రబ్బరుతో గట్టిగా రుద్దాం. రబ్బరుతో పోయి కింద నునుపు కనిపిస్తే అది పైమరక. కింద సూదిమొనంత గుంట ఉంటే లోహమే తిన్నట్టు. ఆర్టరీ ఫోర్సెప్స్‌ను కాడల మధ్య ఉండే లాక్ పళ్లలో మొదటిదాని మీద బిగించి, బాక్స్ లాక్‌ను బల్ల అంచుకు మెల్లగా తట్టాం, విడిపోయినవి పనికిరానివి. ఈ పరీక్షలకు ఖర్చు లేదు, సాయంత్రానికల్లా అయిపోయాయి.

నేను చూసుకున్న తర్కం ఇది. స్టీలు నాసిరకమైతే నష్టం సరఫరాదారును బట్టి ఉండాలి: ఒక సంస్థ పరికరాలు పాడై, మరొకదానివి బాగుండాలి. అక్కడ అలా లేదు. పదేళ్ల నాటి పాత ఫోర్సెప్స్, నాలుగు నెలల కొత్త ఫోర్సెప్స్ ఒకే చోట, అంటే బాక్స్ లాక్‌లోనూ దవడల గాట్లలోనూ తినేసి ఉన్నాయి. నీరు నిలిచే చోట్లే అవి. చదునైన రిట్రాక్టర్లు దాదాపు శుభ్రంగా ఉన్నాయి. పాతవి తొలి ఎనిమిదేళ్లు బాగానే ఉండి గత రెండేళ్లలోనే పాడయ్యాయని సిస్టర్ చెప్పారు. అయితే రెండేళ్ల కిందట ఏం మారిందన్నదే అసలు ప్రశ్న.

రెండు విషయాలు మారాయి. మున్సిపల్ నీళ్లు చాలక థియేటర్ అంతస్తుకు బోరు నీళ్లు కలిపారు. అదే సంవత్సరం, కుట్ల దగ్గర చీము పట్టిన కేసులు వరుసగా రావడంతో, ప్రతి పరికరాన్నీ కడగడానికి ముందు హైపోలో నానబెట్టాలని నియమం పెట్టారు. మన దగ్గర థియేటర్లలో సోడియం హైపోక్లోరైట్‌ను అందరూ హైపో అనే అంటారు. 0.5 శాతం క్లోరిన్ ద్రావణంలో పది నిమిషాలు నానబెట్టమని చాలా ఏళ్లు శిక్షణల్లో నేర్పారు. అందుకని ఆ నియమం పెట్టినవారిని తప్పుపట్టలేను. కానీ కడగకముందు అలా నానబెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. రక్తం ఉండగా క్లోరిన్ శక్తి తగ్గిపోతుంది, లోహం మాత్రం తింటుంది. మనుషులను కాపాడేది చేతొడుగులు, ఏప్రాన్, కళ్లద్దాలు. ఆ బకెట్‌తో వచ్చే రక్షణ ఏమీ లేదు.

కాబట్టి హైపోయే దోషి అనుకున్నాను. బకెట్ తీయించి, తటస్థ స్వభావం ఉన్న ఎంజైమ్ ద్రావణం పెట్టించాను. కడిగే ఆయమ్మకు మోచేతుల దాకా వచ్చే గ్లవ్స్, కళ్లద్దాలు ఇప్పించాను. ఫలితం చూడటానికి పన్నెండు కొత్త ఆర్టరీ ఫోర్సెప్స్‌కు కాడ మీద లేజర్‌తో నంబర్లు వేయించి, వాడుకలోకి పంపాను.

ఏది పనిచేయలేదు

ఆరు వారాల తర్వాత నంబర్లు వేసినవాటిలో ఐదింటి బాక్స్ లాక్‌లో గుంటలు మొదలయ్యాయి. హైపో లేదు, స్టీల్ పీచు లేదు, సరుకు కొత్తది. నా అంచనాలో సగమే నిజమని అప్పుడు ఒప్పుకోవలసి వచ్చింది. నేను చేసిన పొరపాటు ఒకటే: ఆ థియేటర్‌ను పగటిపూట మాత్రమే చూశాను. వాళ్లు నాకు చూపించింది పగటి పద్ధతి, అది నిజంగానే బాగుంది.

అందుకని ఒక రాత్రి అక్కడే ఉన్నాను. ఒంటిగంట దాటాక అత్యవసర సిజేరియన్ వచ్చింది. రెండున్నరకు బిడ్డ ఏడుపు వినిపించింది, మూడింటికి థియేటర్ ఖాళీ అయింది. రాత్రి డ్యూటీలో కడిగే మనిషి లేరు. స్టాఫ్ నర్సు ఒక స్టీలు బేసిన్‌లో పరికరాలన్నీ పెట్టి, పొత్తికడుపు కడగగా మిగిలిన సెలైన్ సీసా అందులో వంచి, అది చాలకపోతే ఇంకో సీసా తెరిచి పోసి, మీద గుడ్డ కప్పి పక్కకు జరిపారు. ఉదయం ఏడున్నరకు ఆయమ్మ వచ్చి గుడ్డ తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నీళ్లు పలుచని టీ రంగులో ఉన్నాయి. ఒక నీడిల్ హోల్డర్‌ను ఆమె పైకెత్తి తెరిస్తే, కీలు లోపలినుంచి ఒక ఎర్రటి చుక్క జారి ఆమె గ్లవ్ మీద పడింది. రక్తమనుకుని ఆమె తుడిచేసుకున్నారు. నేను తెల్లకాగితం మీద ఇంకో చుక్క పడేలా చేసి ఆరనిచ్చాను, అది తుప్పు.

"సెలైన్ ఎందుకమ్మా పోశారు?" అని నర్సును అడిగాను. "బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని మీరే చెప్పారు కదా సర్. సెలైన్ అయితే స్టెరైల్ కదా అని, రక్తం ఎండకుండా ఉంటుందని" అన్నారామె. ఆమె తర్కంలో రెండు భాగాలు పూర్తిగా సరైనవి: రక్తం ఎండనివ్వకూడదు, బోరు నీళ్లు మంచివి కావు. ఆమెకు ఎవరూ చెప్పని మూడో భాగం ఒకటి ఉంది. నార్మల్ సెలైన్ అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు. అందులో క్లోరైడు ఒక్కటే లీటరుకు దాదాపు 5,460 మిల్లీగ్రాములు. తాగే నీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెప్పే మంచి హద్దు 250, వేరే దారి లేనప్పుడు అనుమతించే గరిష్ఠం 1,000. అంటే ఉప్పగా ఉందని తాగడానికి వద్దనుకునే నీటికన్నా ఎన్నో రెట్లు ఉప్పున్న ద్రవంలో, నాలుగు గంటలకు పైగా, కీళ్లు మూసి ఉండగా ఆ పరికరాలు నానుతున్నాయి. మనిషి శరీరానికి హాని చేయనిది లోహానికీ చేయదనుకోవడం చాలా సహజమైన పొరపాటు, థియేటర్లలో దాన్ని నేను తర్వాత ఇంకా చాలాచోట్ల చూశాను.

ఏది పనిచేసింది

ఇక్కడ నేను ఉత్తర్వు రాయించకుండా ఆగాను. సెలైన్ వాడవద్దని బోర్డు పెడితే రాత్రివేళ రక్తం ఎండిపోతుంది, దాంతో ఇంకో సమస్య మొదలవుతుంది. ఎండిన రక్తం కీలులోనుంచి బ్రష్‌కు రాదు, రానిచోట ఆవిరి చేరదు. ఆటోక్లేవ్ ఎంతసేపు నడిపినా అది క్రిమిరహితమైనట్టు కాదు. పైగా రక్తంలోనూ క్లోరైడు ఉంది. అందువల్ల నర్సు సాధించాలనుకున్నదాన్నే ఇంకో దారిలో సాధించాలి.

ముందు వాళ్ల కళ్లతో వాళ్లే చూసేలా ఒక చిన్న ప్రయోగం పెట్టాం. రోగులకు ఇక ఎప్పుడూ వాడబోని నాలుగు కొత్త ఫోర్సెప్స్ తీసుకుని, రెండింటిని రాత్రిపూట సెలైన్‌లో, రెండింటిని ఆర్‌ఓ నీటితో తడిపిన గుడ్డలో చుట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి, పొద్దున్నే అన్నిటినీ ఒకేలా కడిగి ఆరబెట్టాం. ఐదో ఉదయానికి సెలైన్‌లోని ఒకదాని బాక్స్ లాక్ అంచున నారింజ రంగు చుక్క కనిపించింది. దాన్ని నేను చూపించలేదు, ఆయమ్మే చూసి సిస్టర్‌ను పిలిచారు. ఆ తర్వాత నేను ఎవరికీ ఏదీ నచ్చజెప్పవలసిన అవసరం రాలేదు.

రాత్రి కేసుకు స్థిరపడిన పద్ధతి ఇలా ఉంది. ఆపరేషన్ జరుగుతుండగానే స్క్రబ్ నర్సు, వాడి పక్కన పెట్టిన పరికరాన్ని స్టెరైల్ వాటర్‌లో తడిపిన గాజుగుడ్డతో తుడుస్తారు; ఇందుకోసం ట్రాలీ మీద స్టెరైల్ వాటర్‌కు వేరే గిన్నె, సెలైన్‌కు వేరే గిన్నె ఉంటాయి. కేసు అయ్యాక సూదులు, బ్లేడ్లు తీసేసి, కీళ్లన్నీ తెరిచి, ఎంజైమ్ నురగ చల్లి, తడిగుడ్డ కప్పి, మూత ఉన్న డబ్బాలో పెడతారు. ద్రవంలో ముంచరు. పెట్టిన సమయం డబ్బా మీద రాస్తారు. ఉదయం డ్యూటీకి వచ్చిన మనిషి ముందుగా ఆ డబ్బానే తెరవాలి, టీ అయినా తర్వాతే.

కడిగే గదిలో చేసిన మార్పు నీటిది. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు బోరు నీటిలో 1,900 దరిదాపుల్లో చూపించింది. కడగటానికి మున్సిపల్ నీరు, చివరి జాడింపుకు మాత్రం ఒక చిన్న ఆర్‌ఓ యూనిట్ నీరు అని విడదీశాం. చివరి జాడింపు ఎందుకు ముఖ్యమంటే, ఆరిపోయే నీటిలో ఏముందో అదంతా లోహం మీదే మిగులుతుంది. ఆటోక్లేవ్ బాయిలర్‌కూ ఆర్‌ఓ నీరే పోయించాం, ఎందుకంటే ప్యాకుల మీద కనిపించిన తెల్లటి మచ్చలు అక్కడినుంచి వచ్చినవే. కడిగాక కంప్రెస్డ్ ఎయిర్‌తో కీళ్లలోని తేమ ఊది, నీటిలో కరిగే ఇన్‌స్ట్రుమెంట్ లూబ్రికెంట్ రాయాలి. అంతకు ముందు వాళ్లు కుట్టుమిషన్ నూనె వాడేవారు. అలాంటి నూనె పొర దాటి ఆవిరి లోహాన్ని చేరదు. 121 డిగ్రీల దగ్గర స్టెరిలైజేషన్ పూర్తయ్యాక ప్యాకులను ఆరనివ్వకుండా బయటకు లాగి చల్లటి గ్రానైట్ బండ మీద పెట్టే అలవాటు ఉంది. దాన్ని మాన్పించడమే అన్నిటికన్నా కష్టమైంది.

ఎందుకు కష్టమైందో చూస్తే, మూడు సెట్లు అన్న అంకె ఎదురైంది. కడగడం, ఆరబెట్టడం, ప్యాక్ చేయడం, ఆటోక్లేవ్, చల్లారడం కలిపి ఒక సెట్టు తిరిగి టేబుల్ మీదికి రావడానికి సరిగా చేస్తే నాలుగు గంటలు పడుతుంది. ముహూర్తం రోజున ఆ నాలుగు గంటల్లో నాలుగు సిజేరియన్లు జరుగుతాయి. మూడు సెట్లతో అది సాధ్యం కాదు, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తొందరపడాల్సిందే. వాళ్లు తొందరపడింది ఆరబెట్టే దగ్గర. సిబ్బందికి ఎంత శిక్షణ ఇచ్చినా లెక్క కుదరనిచోట పద్ధతి నిలవదు. అందుకే ఆ సందర్భంలో నేను మొదటిసారి కొనుగోలు సిఫారసు రాశాను: సిజేరియన్ సెట్లు ఆరు. నాలుగు గంటల్లో గరిష్ఠంగా వచ్చే నాలుగు కేసులకు నాలుగు, మరమ్మతుకు పోయినదాని బదులు ఒకటి, అనుకోని కేసుకు ఒకటి.

కొనుగోలు

ఆరు సెట్లకు డబ్బు ఎక్కడినుంచి అన్నది యాజమాన్యం ప్రశ్న. అన్నీ ఖరీదైనవి కొనాలన్న ఆలోచన మానితే డబ్బు సరిపోతుందని చూపించాను. రిట్రాక్టర్లు, బౌల్స్, టవల్ క్లిప్పులు మధ్యరకం చాలు. పైకం పెట్టవలసింది అరిగేవాటి మీద: నీడిల్ హోల్డర్లు, కత్తెరలు. దవడల్లో టంగ్‌స్టన్ కార్బైడ్ పలకలు ఉన్న నీడిల్ హోల్డర్లకు ఉంగరాలు బంగారు రంగులో ఉంటాయి. మంచివాటిలో ఆ పలకలు అరిగాక మార్చుకోవచ్చు. అయితే బంగారు పూత వేయడం ఎవరికైనా తేలికే కాబట్టి పలక విడిగా కనిపిస్తోందా లేదా అని లెన్స్‌తో చూసి తీసుకోవాలి.

కొటేషన్ అడిగే కాగితంలో అంతకు ముందు ఒకే మాట ఉండేది, మంచి నాణ్యమైన స్టెయిన్‌లెస్ స్టీలు అని. ఆ మాటకు అర్థం లేదు, దానితో ఎవరినీ నిలదీయలేం. దాని బదులు, శస్త్రచికిత్స పరికరాల లోహాలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7153-1 ప్రకారం ఏ పరికరానికి ఏ గ్రేడు స్టీలో రాయమన్నాం. 2017 వైద్య పరికరాల నియమాల కింద ఉన్న నమోదు వివరాలు, ప్రతి పరికరంపై లేజర్ నంబరు, ముందుగా రెండేసి నమూనాలు అడిగాం. నమూనాలను డిస్టిల్డ్ వాటర్‌లో అరగంట ఉడికించి, అదే నీటిలో చల్లారనిచ్చి, ఆరాక లెన్స్ కింద చూశాం. తక్కువ ధర చెప్పిన ఒక సరఫరాదారు ఫోర్సెప్స్ బాక్స్ లాక్‌లో అప్పుడే చుక్కలు కనిపించాయి. దాని తర్వాతి ధర ఇచ్చినవి శుభ్రంగా ఉన్నాయి, వాటినే తీసుకున్నాం. జర్మనీలోని టుట్లింగెన్ పేరు, పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ పేరు పరికరాల వ్యాపారంలో ఎప్పుడూ వినిపిస్తాయి, రెండుచోట్లా ఈ పని తరాలుగా ఉంది. కానీ కాడ మీది ఊరి పేరు చూసి కాకుండా, ఉడికించిన నమూనా చూసి నిర్ణయించమని యాజమాన్యానికి చెప్పాను.

పాత వాటిలో గుంటలు పడినవాటిని, తట్టితే విడిపోయినవాటిని కండెమ్ చేయించాం, అంటే పనికిరానివిగా తీసేయించాం. ఇది సర్జన్ గారికి బాధ కలిగించింది. చేతికి అలవాటైన కత్తెర ఆయనకు పదేళ్ల స్నేహితురాలు. కానీ క్రోమ్ పూత లేచిపోయిన పాత పరికరం ఒక్కటి ట్రేలో ఉన్నా, దాని తుప్పు పక్కవాటికి అంటుతుంది. పదునుకు, కీళ్ల సవరణకు ఊళ్లోని సాన బదులు, శస్త్రచికిత్స పరికరాలే చేసే మనిషిని ఆర్నెల్లకోసారి విజయవాడ నుంచి రప్పిస్తున్నారు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

ఇప్పుడు ఎవరైనా పరికరాలు కొనడానికి నిబంధనలు రాయమంటే, ముందు ఒక రాత్రి డ్యూటీ చూస్తానని చెబుతాను. కొందరికి అది వింతగా తోస్తుంది. ఇంకొకటి, తప్పు చేసిన మనిషి కోసం వెతకడం కాకుండా ఆ మనిషి ఎందుకలా చేశారో అడుగుతున్నాను. ఆ రాత్రి నర్సును మందలించి ఉంటే ఆమె తర్కం నాకు ఎప్పటికీ తెలిసేది కాదు, బేసిన్ నేను లేని రాత్రుల్లో అలాగే ఉండేది. బోరు నీళ్లు మంచివి కావని చెప్పి, దాని బదులు ఏది వాడాలో చెప్పకుండా వచ్చేసింది నేనే. ఆ ఖాళీని ఆమె తనకు తెలిసిన మేరకు పూరించారు.

తొమ్మిది నెలల తర్వాత వెళ్లినప్పుడు మొదటి విడతలో గుంటలు పడని ఏడు ఫోర్సెప్స్ వాడుకలోనే ఉన్నాయి, కొత్తగా ఒక్కదానికీ గుంట లేదు. కొత్త సెట్లలో రెండు కత్తెరలు పదునుకు వెళ్లాయి, అది మామూలు అరుగుదల. సిస్టర్ పెట్టిన రిజిస్టరులో ప్రతి రాత్రి కేసుకూ డబ్బా మూసిన సమయం, తెరిచిన సమయం రాసి ఉన్నాయి. కొత్త నర్సు చేరిన వారంలో రెండు రాత్రులకు ఆ గళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆ రెండు సెట్లనూ సిస్టర్ విడిగా తీయించి, లెన్స్ కింద ఒక్కో బాక్స్ లాక్ తెరిచి చూశారు. 31వ నంబరు ఫోర్సెప్స్ ఎదురుగా అనుమానం అని ఎర్ర ఇంకుతో రాసి, దాన్ని మరుసటి నెల మళ్లీ చూడటానికి పక్కన పెట్టారు.